హార్ట్ ఫెయిల్యూర్: ఇంటివాళ్ళతో నర్సు కూర్చోవాల్సిన అరగంట

డిశ్చార్జి రోజు చేతికొచ్చే కాగితాల్లో మందుల చీటీ ఉంటుంది, రిపోర్టులు ఉంటాయి, మళ్ళీ ఎప్పుడు రావాలో తారీఖు ఉంటుంది. పొద్దున్నే బరువు ఎవరు చూడాలి, చూసింది ఎక్కడ రాయాలి, ఎంత పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మాత్రం చాలాసార్లు ఉండవు. ఎవరి పనో తేలని పని ఇంట్లో జరగదు. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ 2003-04 నాటి లెక్కల్లో, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో ఉండి ఇంటికెళ్ళినవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా 30 రోజుల్లోపే మళ్ళీ చేరారు. వీళ్ళలో చాలామంది మళ్ళీ చేరింది మందులు రాయక కాదు. గుండె రక్తాన్ని సరిగా పంపలేక ఒంట్లో నీరు చేరుతోందని ఇంట్లో కనిపెట్టడానికీ, ఆ సంగతి ఆసుపత్రికి చేరడానికీ మధ్య రోజులు గడిచిపోతాయి. ఆసుపత్రిలో చేరడానికి కనీసం వారం ముందు నుంచే బరువు పెరగడం మొదలవుతుందని పరిశోధనల్లో తేలింది. అంటే ఆ వారం మన చేతిలో ఉన్నదే.

అందుకే హార్ట్ ఫెయిల్యూర్ నర్సు పాఠం చెప్పాల్సింది పేషెంటు ఒక్కరికే కాదు, ఆ ఇంటికి. చెప్పి వదిలేయకుండా ఏ పని ఎవరిదో తేల్చాలి. ఆ పని నెత్తిన వేసుకున్న మనిషి బాగోగులు కూడా నర్సు పనిలో భాగమే.

గుండె పంపింగ్ తగ్గినవాళ్ళలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మందగించడం చాలా మామూలు. వార్డులో తల ఊపిన మనిషికి సాయంత్రానికి సగం గుర్తుండదు. ఇంతకంటే చిక్కైన సంగతి ఇంకొకటుంది. ఆయాసం మెల్లగా పెరిగేకొద్దీ మనిషి తనకు తెలియకుండానే పనులు తగ్గించుకుంటూ పోతాడు. మెట్లెక్కడం మానేస్తాడు, స్నానం కుర్చీలో కూర్చుని చేస్తాడు, చెప్పులు ఎవరితోనో వేయించుకుంటాడు. పని తగ్గింది కాబట్టి ఆయాసమూ కనబడదు. "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అంటాడు. అది అబద్ధం కాదు, ఆయనకు అలాగే అనిపిస్తుంది. అందుకే "ఆయాసం ఉందా?" అని పేషెంటుని అడిగితే వచ్చే జవాబు కంటే, "పోయిన నెల చేసిన ఏ పని ఈ నెల మానేశారు?" అని భార్యనో కూతుర్నో అడిగితే వచ్చే జవాబు విలువైనది. రాత్రి దిండ్లు ఒకటి నుంచి మూడయ్యాయా, నడిరాత్రి లేచి మంచం అంచున కూర్చుంటున్నారా, పడుకోగానే పొడి దగ్గు వస్తోందా, చెప్పుల కోసం వంగిన అర నిమిషంలోపే ఊపిరి బిగుస్తోందా? ఇవన్నీ ఇంట్లోవాళ్ళు చూసేవే. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో ఒకరు చెప్పాలి, అంతే.

ఈ పద్ధతికి చరిత్ర ఉంది. 1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 70 ఏళ్ళు, ఆపై వయసున్న 282 మంది మీద జరిగిన ప్రయోగంలో నర్సు ఆధ్వర్యంలో పేషెంటుకూ ఇంటివాళ్ళకూ బోధన, మందుల సమీక్ష, ఇంటికెళ్ళాక వెంట ఉండి చూసుకోవడం చేస్తే, 90 రోజుల్లో హార్ట్ ఫెయిల్యూర్ వల్ల మళ్ళీ చేరడం సగానికి పైగా తగ్గింది. 2001లో గ్లాస్గోలో ఇంటికి వెళ్ళే ప్రత్యేక నర్సులతో, 2003లో స్వీడన్‌లో నర్సులు నడిపే క్లినిక్కులతో మంచి ఫలితాలే వచ్చాయి. 2008లో నెదర్లాండ్స్‌లో 1,023 మందితో చేసిన పెద్ద ప్రయోగంలో మాత్రం నర్సు అదనంగా కలిసినందుకు మరణాలు, చేరికలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అక్కడ మామూలు వైద్యమే బాగుండటం ఒక కారణం కావచ్చు. నా దృష్టిలో దాన్నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది: ఎన్నిసార్లు కలిశామన్నది కాదు, కలిసి ఏం తేల్చామన్నది లెక్క. 2012లో స్వీడన్‌లో 155 జంటలకు, అంటే పేషెంటుకూ జీవిత భాగస్వామికీ కలిపి నర్సులు తరగతులు తీసుకున్నారు. జబ్బు మీద తనకు పట్టుందన్న ధీమా పేషెంట్లలో మూడు నెలలకు పెరిగింది, ఏడాదికి ఆ తేడా మిగల్లేదు. భాగస్వాముల మీద పడ్డ భారం తగ్గనే లేదు. నాలుగు మాటలు చెప్పి పంపేస్తే ఎక్కువ కాలం నిలవదనీ, చూసుకునే మనిషికి విడిగా సమయం ఇవ్వాలనీ అది చెబుతోంది.

మొదటి కూర్చోవడం

డిశ్చార్జికి ఒక రోజు ముందు పెట్టుకుంటే మంచిది. డిశ్చార్జి రోజున అందరి ధ్యాసా బిల్లు మీద, బండి మీద ఉంటుంది. అరగంట చాలు. రావాల్సింది "బాధ్యత గల" పెద్దకొడుకు కాదు, రోజూ ఆ మనిషి పక్కన ఉండేవాళ్ళు. వంట చేసేవాళ్ళు ఎవరో, మందులు అందించేవాళ్ళు ఎవరో వాళ్ళు ఉండాలి. ఇద్దరూ వేరైతే ఇద్దరూ ఉండాలి. దూరంగా ఉండే పిల్లలు ఫోన్‌లో కలవొచ్చు. వాళ్ళని కలపకపోతే రేపు వాళ్ళే ఫోన్ చేసి "ఆ మాత్ర ఎందుకు, మానెయ్" అంటారు.

ముందు ఒక కాగితం మీద కుటుంబ పటం గీయాలి. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో నర్సులు రూపొందించిన కుటుంబ నమూనాలో ఇది మొదటి మెట్టు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరి వయసెంత, ఎవరికి ఏ జబ్బుంది, రాత్రి అదే గదిలో ఎవరు పడుకుంటారు, పేషెంటు ఎవరి మాట వింటారు, ఎవరి చేతిలో ఫోన్ ఉంటుంది. పది నిమిషాల పని. చూసుకోవాల్సిన మనిషికే మోకాళ్ళ నొప్పులనీ, కళ్ళు సరిగా కనబడవనీ, మందుల పేర్లు చదవలేరనీ బయటపడేది ఇక్కడే.

ఆ నమూనాలోనే ఒక ప్రశ్న ఉంది. ఇంత ఉపయోగపడే ప్రశ్న ఇంకొకటి నాకు తెలియదు: "ఈ కూర్చోవడంలో ఒక్క ప్రశ్నకే జవాబు దొరుకుతుందంటే, మీరు ఏమడుగుతారు?" ఒక్కొక్కరినీ విడివిడిగా అడగాలి. మనం ఉప్పు గురించి చెప్పాలని వస్తాం, భార్య మనసులో "రాత్రి నిద్రలో పోతారా? నేను మేలుకుని ఉండాలా?" అన్నది ఉంటుంది. అది తేలేదాకా ఉప్పు గురించి ఎంత చెప్పినా ఆమె చెవికెక్కదు. పేషెంటు ప్రశ్న మరోలా ఉంటుంది: "మళ్ళీ పనికి వెళ్ళగలనా?" "ఫెయిల్యూర్" అనగానే గుండె ఆగిపోయిందని అనుకునేవాళ్ళు చాలామంది. ఆగిపోలేదనీ, ఒంటికి కావాల్సినంత రక్తాన్ని సులువుగా పంపలేకపోతోందనీ, అందుకే వెనక నీరు నిలుస్తోందనీ ఎకో రిపోర్టు చూపిస్తూ చెప్పాలి. ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే శాతం, 30 అని ఉంటే "గుండె 30 శాతమే మిగిలింది" అని భయపడతారు. బాగున్న గుండెలో కూడా అది 100 ఉండదనీ, 50 నుంచి 70 మధ్య ఉంటుందనీ చెప్పగానే సగం గాభరా తగ్గుతుంది. 50కి పైన ఉండి కూడా హార్ట్ ఫెయిల్యూర్ ఉండొచ్చు. కండరం బిర్రబిగిసి సరిగా నిండని గుండెలో అదే జరుగుతుంది. కాబట్టి "పంపింగ్ బాగుంది కదా" అని మందులు మానేయకూడదు.

చివర్లో "అర్థమైందా?" అని అడగకూడదు. దానికి జవాబు ఎప్పుడూ "ఆఁ" అనే వస్తుంది. "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. రేపు పొద్దున బరువు రెండు కిలోలు ఎక్కువ చూపించిందనుకోండి, ఏం చేస్తారో నాకు చెప్పండి" అని అడగాలి. చెప్పలేకపోతే లోపం మన చెప్పడంలో ఉంది, ఇంకోలా చెప్పాలి.

బరువు: ఇంత చిన్న పనిలో ఎన్ని తప్పులు

పొద్దున లేవగానే, ఒంటేలుకు వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, తాగకముందు, అదే రకం బట్టలతో, అదే మిషన్ మీద. మిషన్ గట్టి నేల మీద ఉండాలి. చాప మీదో తివాచీ మీదో పెడితే అంకె మారిపోతుంది. 100 గ్రాముల తేడా చూపించే డిజిటల్ మిషన్ అయితే మంచిది. కళ్ళు సరిగా కనబడనివాళ్ళకు పెద్ద అంకెలది, నిలబడితే తూలేవాళ్ళకు పక్కన పట్టుకోవడానికి కుర్చీ ఉండాలి. కుర్చీ మీద బరువు మోపితే అంకె తప్పు. ముందు పట్టుకుని ఎక్కి, చేయి వదిలి, అంకె చూసి, మళ్ళీ పట్టుకుని దిగాలి.

నీరంతా దిగాక ఉండే బరువుని పొడి బరువు అంటారు. ఆసుపత్రి మిషన్ అంకెను దానికి వాడొద్దు. ఇంటికెళ్ళిన మర్నాడు పొద్దున ఇంటి మిషన్ చూపించిన అంకెను పెద్ద అక్షరాలతో క్యాలెండర్ మీద రాయాలి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే ఫోన్ చేయాలన్నది యూరప్ మార్గదర్శకాల మాట. ఒక్క రోజులో కిలో, కిలోన్నర పెరిగినా చెప్పమని కొన్ని క్లినిక్కులు అంటాయి. మీ డాక్టరు ఏ అంకె చెబితే అదే రాసుకోండి. ఒక కిలో అంటే దాదాపు ఒక లీటరు నీరు. మూడు రోజుల్లో రెండు కిలోల కొవ్వు ఎవరికీ పెరగదు.

ఎక్కువగా జరిగే తప్పు ఏంటంటే, ఈరోజు అంకెను నిన్నటి అంకెతోనే పోల్చడం. 62.0, 62.3, 62.6, 62.9... రోజుకు 300 గ్రాములు. ఏ మూడు రోజులు తీసుకున్నా 2 కిలోలు దాటవు. వారానికి మాత్రం 2.1 కిలోలు చేరిపోయి ఉంటాయి. కాబట్టి ప్రతిరోజూ రెండు తేడాలు చూడాలి: మూడు రోజుల కిందటితో ఒకటి, పొడి బరువుతో ఇంకొకటి. పొడి బరువు కంటే 2 కిలోలు పైకి వెళ్తే, ఎన్ని రోజుల్లో వెళ్ళినా ఫోనే.

దీనికి తలకిందులైన తప్పు ఇంకా ప్రమాదకరం. జబ్బు ముదిరినవాళ్ళలో కండ కరుగుతుంది. కండ రెండు కిలోలు తగ్గి నీరు రెండు కిలోలు పెరిగితే మిషన్ అదే అంకె చూపిస్తుంది. బరువు మారలేదు కానీ కాళ్ళు వాచాయి, దిండ్లు పెరిగాయి అంటే పొడి బరువు కిందికి దిగిందని అర్థం. ప్రతి రాకలోనూ ఆ అంకెను మళ్ళీ తేల్చాలి. నిలబడలేనివాళ్ళకు బొడ్డు దగ్గర, చీలమండ పైన టేపుతో కొలత, రోజూ ఒకే చోట, పెన్నుతో గుర్తు పెట్టుకుని తీసుకోవాలి. మంచం మీదే ఉండేవాళ్ళకు వాపు కాళ్ళలో కాక నడుము కింద, వీపు అడుగున చేరుతుంది. పక్కకు తిప్పినప్పుడు అక్కడ బొటనవేలితో అయిదారు సెకన్లు నొక్కి చూడాలి. గుంట పడి నిలిస్తే నీరే.

ఫోన్ చేసేటప్పుడు "కొంచెం నలతగా ఉన్నారు" అంటే అవతల నర్సు ఏమీ తేల్చలేరు. ఈరోజు బరువు, పొడి బరువు, దిండ్లు ఎన్ని, వాపు ఎక్కడిదాకా, బీపీ, నాడి, ఈ వారం ఏ మాత్ర తప్పింది, కొత్తగా ఏం వాడారు. ఈ ఎనిమిదీ ఫోన్ పక్కన కాగితం మీద ఉండాలి. "డాక్టరుగారిని ఇబ్బంది పెట్టడం ఎందుకు, రేపు చూద్దాం" అన్న మొహమాటం వల్ల చేటే ఎక్కువ. నర్సు ఆ మాటని ముందే ఎత్తాలి: "పొద్దున తొమ్మిదికి మీ ఫోన్ వస్తే నాకు పని తేలిక, అర్ధరాత్రి క్యాజువాలిటీలో కలిస్తే కష్టం." కొందరు డాక్టర్లు బరువు పెరిగినప్పుడు నీటి మాత్ర, అంటే ఒంట్లో నీటిని మూత్రంగా తోడేసే మాత్ర, ఒకటి అదనంగా ఎన్ని రోజులు వేసుకోవచ్చో ముందే రాసిస్తారు. అలా రాసి ఉంటే సరే, లేకపోతే సొంతంగా పెంచొద్దు.

కూర్చుని ఉన్నా ఊపిరాడకపోవడం, గులాబీ రంగు నురగ, స్పృహ తప్పడం, తగ్గని ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి మాట తడబడటం. వీటికి క్లినిక్కు ఫోన్ కాదు, అంబులెన్స్. వచ్చేదాకా కాళ్ళు కిందికి వేలాడేలా నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకోబెట్టకూడదు.

మందులు ఇంట్లో ఎక్కడ దారి తప్పుతాయి

పంపింగ్ తగ్గిన హార్ట్ ఫెయిల్యూర్‌కు ఇప్పుడు నాలుగు జాతుల మందులు కలిపి వాడతారు. ఒకటి సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, లేదంటే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి. రెండోది బీటా బ్లాకర్, అంటే బిసోప్రొలాల్, కార్వెడిలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్. మూడోది స్పైరొనొలాక్టోన్ జాతి. నాలుగోది డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. వీటికి తోడు నీరు లాగే ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ ప్రయోగంలో, డిశ్చార్జి అయిన రెండు వారాల్లోనే మోతాదులు పూర్తి స్థాయికి పెంచి 1, 2, 3, 6 వారాలకు పరీక్షించినవాళ్ళలో ఆరు నెలల్లో మరణాలు, మళ్ళీ చేరికలు కలిపి 23 శాతం నుంచి 15 శాతానికి తగ్గాయి. అంటే మోతాదు పెంచడం జబ్బు ముదిరిందని కాదు. ఈ ముక్క ఇంటివాళ్ళకు ముందే చెప్పకపోతే, మాత్ర పెరగగానే మనిషి చేయి దాటిపోతున్నాడని ఏడుస్తారు.

నాలుగో జాతి మాత్రలు షుగర్‌కు కూడా వాడతారు. డబ్బా మీద మధుమేహం అని చూసి "మాకు షుగర్ లేదే, పొరపాటున ఇచ్చారు" అని పక్కన పెట్టేసే ఇళ్ళు చాలా ఉంటాయి. రాసిచ్చిన రోజే చెప్పేయాలి: ఇది గుండెకు ఇచ్చింది. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి మర్మాంగాల దగ్గర దురద, ఫంగస్ రావచ్చు, అక్కడ శుభ్రంగా, పొడిగా ఉంచుకోవాలి. సిగ్గుపడి దాచిపెట్టి మాత్ర మానేస్తారు, అందుకని నర్సే ముందు అడగాలి. ఏదైనా ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది కాబట్టి ఈ మాత్ర వాడుతున్నారని సర్జన్‌కు తెలియాలి.

రామిప్రిల్ లాంటి దాన్నుంచి సాక్యుబిట్రిల్-వల్సార్టాన్‌కు మార్చినప్పుడు మధ్యలో 36 గంటల ఖాళీ ఉండాలి. రెండూ కలిస్తే పెదవులు, నాలుక, గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పులు పెట్టెలోనే ఉంటే ఎవరో ఒకరు వేసేస్తారు. మందు మార్చిన రోజు పాతవి ఇంట్లోంచి తీసేయించడం నర్సు చెప్పి ఊరుకునే పని కాదు, తీశారో లేదో కనుక్కోవాల్సిన పని.

బీటా బ్లాకర్ మొదటి వారాల్లో నీరసం పెంచుతుంది. మేలు కనబడటానికి వారాలు, నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలోనే "ఇది పడట్లేదు" అని మానేస్తారు. ఉన్నట్టుండి మానేస్తే గుండె దడ, ఇంకా పెద్ద ఇబ్బందులు వస్తాయి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే మరో చిక్కు: పైన అంకె 95 కనబడగానే కంగారుపడి మాత్రలన్నీ ఆపేస్తారు. కళ్ళు తిరగకుండా, చీకట్లు కమ్మకుండా మామూలుగా తిరుగుతుంటే ఈ జబ్బులో 95 చాలాసార్లు సర్దుకోదగ్గ అంకెనే. లేవగానే తూలుతుంటే, నాడి 50 కంటే తగ్గితే ఫోన్ చేయాలి, అంతేకానీ సొంతంగా ఆపకూడదు.

నీటి మాత్ర వేసుకున్న గంటలోపే పని మొదలెడుతుంది, ఫ్యూరోసెమైడ్ అయితే దాదాపు ఆరు గంటలు పనిచేస్తుంది. రెండో మోతాదు సాయంత్రం నాలుగు దాటాక వేస్తే రాత్రంతా బాత్రూం చుట్టూ తిరగడమే. చీకట్లో పడి తుంటి విరగ్గొట్టుకునేది ఆ తిరుగుడులోనే. ప్రయాణం ఉందని మానేయొద్దు, తిరిగొచ్చాక వేసుకోవచ్చా అని అడిగి వేళ మార్చుకోండి.

స్పైరొనొలాక్టోన్ మొదలెట్టాక వారానికీ, నాలుగు వారాలకూ రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పదు. ఉప్పు తగ్గించాలని "తక్కువ సోడియం ఉప్పు" తెచ్చి వాడే ఇళ్ళలో పెద్ద ప్రమాదం పొంచి ఉంది. వాటిలో సోడియం స్థానంలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఈ మాత్రతో కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. మంచి చేయబోయి జరిగే హాని ఇది.

నొప్పి మాత్రల్లో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నీరు పట్టేలా చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇంట్లో ఇంకొకరి మోకాళ్ళకు రాసిచ్చినవి పంచుకోవడం చాలా మామూలు. పారాసెటమాల్ ఫర్వాలేదు, అయితే నీళ్ళలో బుస్సుమని కరిగేది వద్దు, అందులో సోడియం ఎక్కువ. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు ఫోన్ చేయాలి. నీటి మాత్ర, స్పైరొనొలాక్టోన్, సాక్యుబిట్రిల్, డాపాగ్లిఫ్లోజిన్ కొద్దిరోజులు ఆపాల్సి రావచ్చు, బీటా బ్లాకర్ మాత్రం అడగకుండా ఆపొద్దు.

కాపలా కాయడం వేరు, తోడుండటం వేరు

ఉప్పు విషయంలో ఇళ్ళు రణరంగాలవుతాయి. రోజుకు 5 గ్రాములు దాటకుండా చూసుకుంటే చాలు, అందులో సోడియం 2 గ్రాములు. ప్యాకెట్ మీద సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. సోడియం 1.5 గ్రాములకు లోపు కుదించిన 2022 నాటి సోడియం-హెచ్‌ఎఫ్ ప్రయోగంలో మరణాలు, చేరికలు తగ్గలేదు. నీళ్ళ సంగతీ అంతే. స్థిరంగా ఉన్నవాళ్ళలో రోజుకు లీటరున్నరకు కట్టడి చేసినందువల్ల ఆరోగ్యం మెరుగుపడలేదనీ, దాహం బాధ మాత్రం పెరిగిందనీ 2025లో నెదర్లాండ్స్ ప్రయోగం చూపించింది. నీరు బాగా చేరినప్పుడు, రక్తంలో సోడియం పడిపోయినప్పుడు డాక్టరు కట్టడి పెడతారు, అది వేరు. మిగతా రోజుల్లో గుక్క గుక్కా లెక్కపెట్టి మనిషిని దొంగలా చూడాల్సిన పని లేదు.

దొంగలా చూస్తే దొంగతనమే జరుగుతుంది. ఉప్పు దాచుకుంటారు, వాపు దాచిపెడతారు, బరువు తగ్గించి చెబుతారు. నర్సు ఇక్కడ చేయగలిగింది పని పంపకం. మిషన్ ఎక్కి అంకె రాయడం పేషెంటు పని, చేతనైనంతకాలం ఆయన చేత్తోనే. మూడు రోజుల కిందటి అంకెతో పోల్చడం భార్య పని. వారానికోసారి మాత్రల పెట్టె నింపడం ఒకరిది, నిండిందో లేదో చూడటం ఇంకొకరిది. ఫోన్ చేయాలా వద్దా అన్నది ఇద్దరిలో ఎవరికి అనుమానం వచ్చినా చేయాలన్న ఒప్పందం నర్సు ఎదుటే జరగాలి. అలా జరిగితే రేపు "నాకేం కాలేదు, నువ్వెందుకు చేశావ్" అన్న గొడవ ఉండదు. మాట తీరు కూడా చూపించొచ్చు: "మళ్ళీ ఉప్పేసుకున్నావా?" అనే బదులు "ఈరోజు అంకె పెరిగింది, నిన్న ఏం తేడా జరిగిందో ఇద్దరం చూద్దాం." బాగా చేస్తున్నదాన్ని ఎత్తి చెప్పడం కూడా నర్సు పనిముట్టే. "నలభై రోజుల్లో రెండు రోజులే రాయలేదు, ఇంత శ్రద్ధగా రాసే ఇళ్ళు తక్కువ" అని ఆ క్యాలెండర్ చేతిలోకి తీసుకుని చెబితే ఆ ఇంట్లో రాయడం ఆగదు.

తర్వాతి కలయికల వేళలు మొదటిరోజే చెప్పాలి. ఇంటికెళ్ళిన మూడు రోజుల్లోపు నర్సు ఫోన్, 7 నుంచి 14 రోజుల్లోపు ఎదురుగా కలవడం, ఆ తర్వాత మోతాదులు కుదిరేదాకా వారానికో రెండు వారాలకో. కుదిరాక కూడా మూడు నెలలకోసారి ఇంటివాళ్ళతో కలిపి కూర్చోవాలి.

చూసుకునే మనిషి

ఈవిడతో విడిగా మాట్లాడాలి. పేషెంటు ఎదురుగా "కష్టంగా ఉంది" అని ఎవరూ అనరు. పేషెంటుకు ఈసీజీ తీస్తున్న ఆ పది నిమిషాలైనా చాలు. "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? మీ సొంత మందులు వేసుకుంటున్నారా? ఇంట్లోంచి రెండు గంటలు బయటికెళ్ళాలంటే ఎవరిని పిలుస్తారు? దేనికైనా విసుగొచ్చి అరిచి తర్వాత బాధపడ్డారా?" మూడో ప్రశ్నకు జవాబు "ఎవరూ లేరు" అయితే ఆ ఇంట్లో ప్రణాళిక సగమే ఉన్నట్టు. రెండో మనిషి పేరు, నంబరు రాసేదాకా వదలకూడదు. ఆ రెండో మనిషికి నేర్పాల్సినవి మూడే: మిషన్ ఎలా చూడాలి, మాత్రల పెట్టె ఎక్కడుంది, అంబులెన్స్ ఎప్పుడు పిలవాలి. రెండు వారాలకు పైగా దేని మీదా మనసు పోకపోవడం, నిద్ర లేకపోవడం ఉంటే ఆవిడనూ డాక్టరుకు చూపించాలి, ఓదార్చి పంపేయకూడదు.

భార్యాభర్తలు అడగరు కానీ తెలుసుకోవాలనుకునేది ఒకటుంది: శారీరక కలయిక ప్రమాదమా? రెండంతస్తుల మెట్లు ఆగకుండా, ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా ఫర్వాలేదు. ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు, అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటివి ముట్టుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఈ సంభాషణ నర్సే మొదలెట్టాలి.

గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరాన్ని పేషెంటు ఛాతీలో పెట్టిన ఇళ్ళలో భార్య పక్కన పడుకోవడానికే భయపడుతుంది. తాకి ఉన్నప్పుడు షాక్ వచ్చినా ఆమెకు చిన్న జలదరింపే తప్ప హాని జరగదు. ఒక షాక్ వచ్చి మనిషి మామూలుగానే ఉంటే క్లినిక్కుకు ఫోన్. వరసగా రెండు మూడు వచ్చినా, ఒక్కటే వచ్చి మనిషి బాగోలేకపోయినా అంబులెన్స్. జబ్బు చివరి దశకు వచ్చినప్పుడు ఆ షాకులు ఆపించే వీలుందన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. ప్రాణం పోయే వేళ పరికరం మళ్ళీ మళ్ళీ కొడుతుంటే చూడటం ఇంటివాళ్ళను జీవితాంతం వెంటాడుతుంది. షాకులు ఆపితే గుండె ఆగదు, పేస్‌మేకర్ పని అలాగే నడుస్తుంది. ఈ తేడా విడమరిచి చెప్పకపోతే "మేమే చంపినట్టవుతుంది" అని ఒప్పుకోరు.

ఇంకో మాట ఆ మొదటిరోజు గీసిన కుటుంబ పటం గురించి. జబ్బు కారణం డైలేటెడ్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం బలహీనపడి సాగి పెద్దదయ్యే జబ్బు అయి, బీపీగానీ గుండె రక్తనాళాల పూడికగానీ మద్యంగానీ కారణంగా తేలకపోతే, పటంలో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళు, పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు, "గుండె పెద్దదైంది" అనిపించుకున్నవాళ్ళు ఉన్నారేమో వెతకాలి. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు కావచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఈసీజీ, ఎకో తీయించుకోవాలని నర్సు పేరుపేరునా చెప్పి, వీలున్నచోట జన్యు పరీక్షకు పంపమని డాక్టరుతో మాట్లాడాలి. ఒకసారి బాగుందని వచ్చినంత మాత్రాన సరిపోదు, కొన్నేళ్ళకోసారి మళ్ళీ తీయించుకోవాలి. ఇన్నాళ్ళూ నాన్న బరువు రాసిన కూతురి పేరు కూడా ఆ జాబితాలో ఉండాలి.